వద్దనడం రాని టీచరమ్మ

అరోయితా టీచరమ్మ ఇంట్లో ఉన్న వస్తువుల కన్నా, ఉండి వెళ్ళిపోయిన వస్తువులే ఎక్కువ. కుట్టుమిషను చినమేనత్త కోడలింట్లో ఉంది. సైకిలు పాస్టరుగారి దగ్గర ఉంది. పెద్ద అల్యూమినియం గిన్నె ఎవరో పెళ్ళికని పట్టుకెళ్ళారు. ఆ పెళ్ళి జరిగి, పిల్లలు పుట్టి, ఆ పిల్లలు ఇప్పుడు ఆమె క్లాసులోనే కూర్చుంటున్నారు గాని గిన్నె మాత్రం తిరిగి రాలేదు. ఇందులో దొంగతనం ఏమీ లేదు. అన్నీ అడిగి పట్టుకెళ్ళినవే. మా కిరిబాస్ దీవుల్లో ఒక మనిషి వచ్చి ఎదురుగా కూర్చుని "బుబుసి చేస్తున్నాను, ఫలానాది ఇవ్వు" అంటే ఇవ్వనని అనకూడదు. అన్నవాళ్ళ పరువు సాయంత్రానికల్లా పోతుంది. మా ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు అరగంట నడక, కాబట్టి నిజానికి సాయంత్రం దాకా కూడా ఆగక్కర్లేదు.

దీనికి ఒక కట్టడి లేకపోలేదు. ఈ రోజు అడిగినవాడి ఇంటికి రేపు ఇచ్చినవాళ్ళు వెళ్ళి అడగవచ్చు. అందుకని జనం కాస్త ముందూ వెనకా చూసుకునే నోరు తెరుస్తారు. అరోయితా విషయంలో ఆ జంకు ఎవరికీ లేదు. ముప్పై ఏళ్ళుగా మా ఊరి బడిలో పాఠం చెబుతున్న ఆ మనిషి ఇంతవరకూ ఒక్కరి గడప దగ్గర కూర్చుని ఒక్క కొబ్బరికాయ అడిగిన పాపాన పోలేదు. అలాంటి మనిషిని ఊరు ఊరికే వదులుతుందా? పండిన సీమపనస చెట్టును వదిలినా ఆమెను వదల్లేదు.

వస్తువుల కోసం ఆమె ఎప్పుడూ బాధపడలేదు. బాధపడేది ఒక్క సీసా గురించి. పదకొండేళ్ళ కింద ఒక శనివారం పొద్దున ఆమె మరిది రిమేటా వంటింటి గుమ్మంలో కూర్చుని, "వదినా, బుబుసి, ఆ మూలనున్న పుల్లకల్లు సీసా ఇవ్వు. అన్నా నేనూ పడవలో తాగుతాం" అన్నాడు. మొగుడు టెవేయా అప్పటికే రెండు సీసాల మీద ఉన్నాడని ఆమెకు తెలుసు. గాలి తిరుగుతోందని కూడా తెలుసు. ఇవ్వనని అనాలని నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. చెయ్యి మాత్రం వెళ్ళి సీసా అందించింది. సాయంత్రానికి రిమేటా ఒక్కడే, తిరగబడ్డ పడవను పట్టుకుని, పగడపు దిబ్బ మీదికి కొట్టుకొచ్చాడు. ఆ రోజు నుంచి రిమేటా వారం వారం వదినకి చేపలు తెచ్చి ఇస్తాడు. ఇద్దరూ ఆ సీసా ఊసెత్తరు.

ఇక పెట్టె సంగతి. నెలకోసారి వచ్చే ఓడలో బియ్యం బస్తాలు తడిసిపోయాయి గాని, రాజధాని తరావా నుంచి బడికి పంపిన పెట్టె మాత్రం చెక్కు చెదరకుండా దిగింది. పైన 'బడి పిల్లలకు మత్తుపదార్థాల నివారణ విద్య' అని రాసి ఉంది. హెడ్మాస్టరు కౌరాబి దాన్ని తెరిచి, లోపలి పుస్తకం లావు చూసి, గుటక మింగి, తిన్నగా అరోయితా క్లాసుకి వచ్చి చాప మీద చతికిలబడ్డాడు.

"అరోయితా, నేను బుబుసి చేస్తున్నా. ఈ పెట్టె నువ్వే చూసుకోవాలి."

"ఏముంది సార్ అందులో?"

"పిల్లలకి వద్దనడం నేర్పాలంట."

"నేనా?"

"నువ్వు కాకపోతే ఎవరు నేర్పుతారు?" అని కౌరాబి చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. వద్దనడం నేర్పే ఉద్యోగాన్ని వద్దనలేక ఆమె తీసుకుంది.

పెట్టెలో ఆరు పోస్టర్లు, ఒక పుస్తకం, ఒక ఫారం, నలభై పచ్చ చొక్కాలు ఉన్నాయి. చొక్కాల మీద గుండెకి అడ్డంగా 'నేను వద్దంటాను' అని పెద్ద అక్షరాలు. బాగా వద్దన్న పిల్లలకి బహుమతిగా ఇవ్వాలని పుస్తకంలో ఉంది. ఆ కబురు ఊళ్ళో పొక్కిన మధ్యాహ్నానికే ఆమె గుమ్మం ముందు జనం బారులు తీరారు. అందరికన్నా ముందు పెద్దాయన టెకాబు, ఆ వెనక పాస్టరుగారి భార్య, ఆ వెనక కల్లు గీసేవాళ్ళు మొత్తం. రెండు రోజుల్లో ముప్పై తొమ్మిది చొక్కాలు చెల్లిపోయాయి. నలభైలో పిల్లల సైజుది ఒక్కటే, అదొక్కటే మిగిలింది.

మర్నాడు పొద్దున పిల్లలు బడికి వస్తూ తలెత్తి చూస్తే ఒక్కో కొబ్బరిచెట్టు మీద ఒక్కో పచ్చ చొక్కా కనిపించింది. మా దగ్గర కల్లు గీసేవాళ్ళు పైకెక్కితే పాట పాడడం ఆచారం. కింద స్నానాలు చేసే ఆడవాళ్ళకి పైన మనిషున్నాడని తెలియాలి కదా. అలా 'నేను వద్దంటాను' అని గుండె మీద రాసుకుని, కత్తి పళ్ళ మధ్య నుంచి తీసి, గొంతెత్తి పాడుకుంటూ, గెల గీసి సీసాలు కట్టారు మా మహానుభావులు. అందరికన్నా ఎత్తు చెట్టు మీద అందరికన్నా గట్టిగా పాడింది రిమేటా.

అరోయితా పోస్టర్లు గోడకి తగిలించింది. ఒకదాని మీద తెల్లటి పొడి, సూది, పడిపోయిన కుర్రాడు.

"టీచర్, పిండికి సూదెందుకు?" అని అడిగింది ఎనిమిదో తరగతి టినాయ్. ఆ పిల్లకి నోటిని దేవుడు మారు అడిగి మరీ వడ్డించాడు.

"అది పిండి కాదే, మత్తుపొడి."

"ఎక్కడ దొరుకుద్ది?"

"మన దీవిలో దొరకదు."

"మరి దొరకనిదాన్ని ఎందుకు టీచర్ వద్దనడం?"

అరోయితా పుస్తకం తిరగేసింది. ఎన్నో పేర్లున్నాయి, కల్లు పేరు లేదు. ఆ పుస్తకం రాసినవాళ్ళ ఊళ్ళో కొబ్బరిచెట్లు ఉండి ఉండవు. చెట్టు నుంచి దించిన తీపి నీరా మా దగ్గర చంటిపిల్లలు కూడా తాగుతారు. దాన్నే ఒక రోజు సీసాలో వదిలేస్తే పుల్లబడి మనిషిని పడగొడుతుంది. బడి వెనక తుప్పల్లో దొరికే ఖాళీ సీసాలన్నీ ఆ రెండో రకానివి. ఆమె సుద్దముక్క తీసుకుని పుస్తకంలో లేని మాట బోర్డు మీద రాసింది: పుల్లకల్లు. క్లాసంతా ఒక్కసారి కిచకిచలాడింది.

పుస్తకం ప్రకారం వద్దనడానికి నాలుగు మెట్లు. ఇచ్చేవాడి కళ్ళలోకి సూటిగా చూడాలి. గట్టిగా వద్దనాలి. అక్కడి నుంచి దూరంగా వెళ్ళిపోవాలి. నమ్మకమున్న పెద్దవాళ్ళకి చెప్పాలి.

"పెద్దోళ్ళ కళ్ళలోకి చూస్తే మా తాత చెవి మెలిపెడతాడు టీచర్," అంది టినాయ్. "దూరంగా అంటే ఎటెళ్ళాలి? ఇటు నాలుగడుగులేస్తే దిబ్బ లోపలి ఉప్పుమడుగు, అటు నాలుగడుగులేస్తే సముద్రం. పోనీ నమ్మకమున్న పెద్దోళ్ళకి చెబుదామంటే సీసా ఉండేది వాళ్ళ చేతిలోనే."

ఆ పిల్ల పొగరుకి చెప్పలేదు, లెక్కకి చెప్పింది. అయినా అరోయితా పట్టు విడవకుండా ఒక సీసాలో మంచినీళ్ళు పోసి, తానే చెడ్డమనిషి వేషం కట్టి, పిల్లల్ని ఒక్కొక్కర్నే పిలిచి, "బుబుసి, నాతో పాటు ఒక్క గుక్క తాగు" అంది. పన్నెండు మందిని పిలిస్తే పన్నెండు మందీ బుద్ధిగా "సరే టీచర్" అని తాగారు. చివరివాడు ఆమె మనవడే, పదమూడేళ్ళ బౌటు. వాడి నాన్న ఓడల మీద పనిచేస్తాడు, తల్లి తరావాలో ఉంటుంది, వాడు నానమ్మ దగ్గరే పెరుగుతున్నాడు. వాడు తాగి, మూతి తుడుచుకుని, సీసా రెండు చేతులతో మర్యాదగా తిరిగిచ్చాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బౌటు ఇంటికి వస్తూనే చాప మీద వాలిపోయాడు. దగ్గరికి వెళితే పుల్లటి వాసన గుప్పుమంది.

"ఎవరు పోశార్రా?"

"రిమేటా చిన్నతాత. కల్లుగీత నేర్పుతున్నాడుగా. పనయ్యాక తను తాగుతూ నాకూ ఇచ్చాడు. శనివారం నన్ను దిబ్బ అవతలికి పడవలో తీసుకెళ్తానన్నాడు నానమ్మా."

పడవ మాట వినగానే ఆమె వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఈసారి ఇస్తే వద్దని అను బంగారూ. నా మాట విను."

"ఎలా అంటా?" బౌటు నిజంగా తెలియకే అడిగాడు. "నువ్వెప్పుడన్నా అన్నావా? నా బూట్లు కూడా ఇచ్చేశావుగా పాస్టరుగారబ్బాయికి. నేనింకా ఒక్కసారి కూడా వేసుకోలేదు."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఏ ఇన్‌స్పెక్టరూ ఆమెను అంత గట్టిగా తప్పు పట్టలేదు. ఆమె వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ముందు కూర్చుని, పొగ వంక పెట్టుకుని ఏడ్చింది.

పిల్లలు వద్దనడం నేర్చుకున్నారో లేదో చూసే పరీక్ష శుక్రవారం. తరావా నుంచి అధికారి తెవరేకా వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, నల్ల కళ్ళద్దాలు, చేతికి మెరిసే గడియారం, తలకి కొత్త టోపీ. ఊరి సభాశాల మనేయబాలో ఆయన్ని పూలదండతో కూర్చోబెట్టారు. ఉపన్యాసం మొదలయ్యే లోపు టెకాబు పెద్దాయన కళ్ళద్దాలు బుబుసి చేశాడు. ఉపన్యాసం మధ్యలో టోపీ వెళ్ళింది. "వద్దు అనే చిన్న మాటలో గొప్ప బలం ఉంది" అంటూ తెవరేకా ఉపన్యాసం ముగించే సమయానికి గడియారం కౌరాబి మణికట్టుకి చేరింది. పాపం, ఆయనా మా దీవులవాడే.

తర్వాత ప్రదర్శన. చెడ్డమనిషి వేషానికి ఎవరని అడిగితే రిమేటా హుషారుగా ముందుకొచ్చాడు. ఒంటి మీద పచ్చ చొక్కా, చేతిలో సీసా. ఆ సీసాలో ఉన్నది మంచినీళ్ళు కావని వాసనే చెబుతోంది. ఎదురుగా బౌటుని కూర్చోబెట్టారు. తెవరేకా ఫారం మీద కలం పెట్టాడు.

"ఒరే బౌటు, బుబుసి చేస్తున్నా," అన్నాడు రిమేటా నవ్వుతూ. "నాతో తాగు. రేపు పడవెక్కుదాం."

ఊరు ఊరంతా చూస్తోంది. బౌటు సీసా వంక చూశాడు, చాప వంక చూశాడు, చివరికి నానమ్మ వంక చూశాడు. వాడి చెయ్యి లేవడం ఆమెకి కనిపించింది. తన చెయ్యి ఆ రోజు లేచినట్టే లేస్తోంది. అంతే, అరోయితా కూర్చున్న చోటు నుంచి లేచి, పెద్దల ముందు నుంచి నడుస్తున్నాననే ఇంగితం కొద్దీ నడుం వంచుకుని వచ్చి, రిమేటా ఎదురుగా మోకాళ్ళు మడిచి కూర్చుంది.

"రిమేటా, నేను బుబుసి చేస్తున్నాను."

మనేయబా మొత్తం నోరెళ్ళబెట్టింది. అరోయితా అడుగుతోంది! వెనక కూర్చున్న ముసలమ్మలు ముక్కున వేలేసుకున్నారు.

"ఈ సీసా నాకివ్వు. రేపు దించేదీ నాకే ఇవ్వు, ఎల్లుండిదీ ఇవ్వు. పుల్లబడకముందే తెచ్చి నా వంటింట్లో పెట్టు." తర్వాత ఆమె అలాగే కూర్చుని పక్కకి తిరిగింది. "టెకాబు పెద్దయ్యా, మీదీ బుబుసి. పాస్టరుగారూ, మీ తమ్ముడు గీసేది కూడా. పిల్లలకి అందే ఒక్క సీసా కూడా ఈ ఊళ్ళో ఉండకూడదు. ముప్పై ఏళ్ళుగా నేను ఎవరినీ ఏమీ అడగలేదు. ఇప్పుడు అందరినీ అడుగుతున్నా."

టెకాబు పెద్దాయన నల్ల కళ్ళద్దాల వెనక నుంచి నీళ్ళు నమిలాడు. కాదనడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. ఒకరి తర్వాత ఒకరు సరే, సరే, సరే అన్నారు. అరోయితా ఏడుస్తూనే అందరికీ పేరు పేరునా దండం పెట్టింది.

"అద్భుతం అమ్మా," అన్నాడు తెవరేకా కళ్ళు తుడుచుకుంటూ. "కానీ వద్దన్నవాళ్ళు ఎంతమంది?"

"ఒక్కరూ లేరండీ. అందరూ సరే అన్నారు."

"ఫారంలో అదొక్కటే అడుగుతారు. పైగా కల్లు జాబితాలో లేదు." ఆయన బాధపడుతూనే సున్నా వేశాడు. కింద 'టీచరుకి మళ్ళీ శిక్షణ అవసరం' అని రాసి, సంతకం పెట్టి, కలాన్ని టినాయ్ బుబుసి చేస్తే ఇచ్చేసి, విమానమెక్కాడు.

శనివారం రిమేటా పడవ దించలేదు. సభలో మాటిచ్చిన మర్నాడే సీసా పట్టుకుని పడవెక్కడానికి అతనికైనా మొహం ఉండాలి కదా. ఆ పొద్దున నుంచి నీరా సీసాలు వరసగా అరోయితా వంటింటికి వచ్చాయి. ఆమె పాస్టరుగారి దగ్గర ఇంకో బుబుసి చేసి పెద్ద గిన్నె సంపాదించి, నీరా మరిగించి పాకం తీసి, బడి పిల్లలకి అన్నంలో కలిపి పెట్టింది. మూడు రోజులు ఊరు బంగారంలా ఉంది. నాలుగో రోజు ఊరికి తెలివొచ్చింది. పొద్దున ఇచ్చినదాన్ని సాయంత్రం వచ్చి బుబుసి చేస్తే సరిపోయె! ఇంకా పొయ్యెక్కని సీసాలు మూలన పుల్లబడుతూ ఎలాగూ ఉంటాయి. ముందు టెకాబు పెద్దాయన వచ్చాడు. ఆమె నోరు తెరిచింది, మూసింది, సీసా ఇచ్చింది. తర్వాత ఇద్దరొచ్చారు, వాళ్ళకీ ఇచ్చింది. వారం తిరిగేసరికి ఊళ్ళో పుల్లకల్లు దొరికే చోటు ఒక్కటే మిగిలింది, అది మత్తు నివారణ టీచరమ్మ వంటిల్లు. వెనకటికన్నా సదుపాయంగా ఉందని కూడా కొందరు మెచ్చుకున్నారు. సిగ్గు లేని ఊరు మాది, చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మళ్ళీ శనివారం పొద్దున రిమేటా వచ్చి వంటింటి గుమ్మంలో కూర్చున్నాడు. ఒంటి మీద అదే పచ్చ చొక్కా. పెరట్లో బౌటు తెడ్లు భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"వదినా, బుబుసి. ఆ మూలనున్న సీసా ఇవ్వు. నేనూ బౌటూ పడవలో తాగుతాం."

అదే గుమ్మం, అదే మాట. రిమేటాకి గుర్తు లేదో, గుర్తుండే అన్నాడో తెలియదు. అరోయితా మూల వైపు తిరిగింది. చెయ్యి దానంతటదే సీసా మెడ పట్టుకుంది. బయట గాలికి కొబ్బరాకులు అటు నుంచి ఇటు తిరుగుతున్నాయి.

"ఇవ్వను," అంది.

అంత చిన్నగా అంది కాబట్టి రిమేటాకి ముందు అర్థం కాలేదు. "ఏంటి?"

"ఇవ్వను రిమేటా. ఆ రోజు కూడా ఇవ్వకుండా ఉండాల్సింది. నేనివ్వబట్టే ఆయన పోయాడు. ఇవ్వను."

సీసా చేతిలోనే ఉంది, కళ్ళు నేల మీదే ఉన్నాయి. రిమేటా మొహం నల్లబడింది.

"ఊరంతా చెప్తా వదినా. అరోయితా కాదందని చెప్తా."

"చెప్పుకో."

"నువ్వే కదా ఈ చొక్కా ఇచ్చావు?" అన్నాడు.

"అది కూడా ఇవ్వకుండా ఉండాల్సింది."

పదకొండేళ్ళుగా ఇద్దరి మధ్యా నోట రాని మాట ఇప్పుడు వచ్చేసింది, దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు. "అడిగింది నేను కదా వదినా, నువ్వేం చేస్తావు," అని గొణిగాడు రిమేటా. తర్వాత లేచి, చొక్కా దులుపుకుని, అలవాటైన గట్టి గొంతుతో అరిచాడు. "పదరా బౌటూ, సీసా లేకపోతే పోయింది. నిన్న ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళినది నా పడవలో ఇంకోటుందిలే."

బౌటు కదల్లేదు. నానమ్మ వంక చూశాడు. కాలి బొటనవేలితో ఇసుకలో గీత గీశాడు.

"నేను రాను తాతా," అన్నాడు.

వాడు కళ్ళలోకి చూడలేదు. గట్టిగా అనలేదు. ఉన్నచోటు నుంచి ఒక్క అడుగు కూడా దూరం వెళ్ళలేదు. పుస్తకం ప్రకారమైతే మళ్ళీ సున్నాయే. అరోయితా సీసాని గుమ్మం పక్కన ఇసుకలో వంచేసి, పొయ్యి మీద పాకం మాడుతోందని లోపలికి పరిగెత్తింది.